అచ్చు అతికే అవ్వ

ధర్మవరంలో మా అత్తగారింటి మగ్గానికి కొత్త పడుగు వచ్చినప్పుడల్లా ఆ అవ్వ వచ్చేది. పాత పడుగు చివర్లకు కొత్త పోగులను ఒక్కొక్కటిగా, బూడిద అద్దిన వేళ్లతో మెలిపెట్టి అతికేది. దాన్నే అచ్చు అతకడం అంటారు. ఊరి కబుర్లన్నీ చెబుతూనే అతికేది, చూపు మాత్రం పోగు మీద ఉండేది కాదు.

కొత్త కోడలిగా నేను "అవ్వా, ఈడ దారం తెగింది" అన్నాను. ఇంటినిండా జనం ఉండగా నవ్వింది.

"హిందూపురం పిల్లా, మీ ఊర్లో పట్టుగూళ్లు అమ్మేదే తెలుసు మీకు. పురుగు నోట్లోంచి వచ్చినప్పట్నించీ ఇది పోగు. దారం గుండీలు కుట్టుకునేదానికి."

ఆ నవ్వు నేను మరిచిపోలేదు. తర్వాత మా తోడికోడలి చేతిలో బూడిద పోసి పని నేర్పింది. నేనూ చెయ్యి చాపాను.

"నీకొద్దులేమ్మే. నీకు కోపం జాస్తి, పోగు ఓర్చుకోదు."

అదీ మరిచిపోలేదు. పక్కనే కూర్చుని, ఆ వేళ్లను కోపంగా చూస్తూనే నేర్చుకున్నాను.

పోయినేడు అవ్వ చనిపోయింది. తోడికోడలు పెనుకొండకు కాపురం మారింది. ఇప్పుడు మా ఇంట్లో అచ్చు అతికేది నేనే. ఇంతవరకూ నా అతుకు ఒక్కటీ ఊడలేదు. బాగా అతుకుతాండావని అందరూ అంటారు. వాళ్ల మెప్పు నాకెందుకు? ఆ అవ్వ ఒక్కసారి వచ్చి, నా అతుకులు లాగి చూసి, నోటికొచ్చినట్టు తిట్టిపోతే చాలు.