నీలం కారు వేగం

ఆదివారం. ఇడ్లీపిండి రుబ్బడం, బట్టలు ఆరేయడం, బియ్యం ఏరడం అయ్యాక తార్నాక నుంచి నడిచి యూనివర్సిటీ క్యాంపస్‌లో కార్ల ప్రదర్శనకు వెళ్లాను. అక్కడ ఒకే పేరున్న రెండు ఫ్రెంచి స్పోర్ట్స్ కార్లు పక్కపక్కన నిలబెట్టారు. పాతది నా నడుం ఎత్తు కూడా లేదు. కొత్తది వెడల్పుగా, ఏసీతో ఉంది. రెండింటిదీ అదే నీలం, ముందు అవే నాలుగు దీపాలు. చూడగానే చిన్నప్పటి ఆట గుర్తొచ్చి నా చెవులు వేడెక్కాయి.

కార్ల ట్రంప్ కార్డులు గుర్తున్నాయా? ఒక్కో కార్డు మీద ఒక కారు బొమ్మ, దాని వేగం ఉండేవి; వేగం ఎక్కువున్న కార్డే గెలిచేది. నాకిష్టమైన ఈ పాత నీలం కారు ఎప్పుడూ ఓడిపోయేది. ఆ కార్డు పోయాక శుభలేఖ అట్ట కత్తిరించి, అదే కారు గీసి, వేగం 250 అని రాశాను.

"ఏందే ఇది? దొంగాట!" అంటూ అన్న దాన్ని పైకెత్తి మా క్వార్టర్స్ పిల్లలందరికీ చూపించాడు. "పోయిన కార్డు మీద అంతే ఉండె" అని ఏడుస్తూ వాదించాను. మళ్లీ ఆ ఆట ఆడలేదు.

కొత్త కారు పక్కన పెట్టిన బోర్డు మీద వేగం 250 అని ఉంది. ఫొటో తీసి పంపితే అన్న వెంటనే ఫోన్ చేశాడు.

"నీ కారు వచ్చిందే! ఇప్పుడన్న చెప్పు, అప్పుడు దొంగాటనే కద?"

అంతమందిలో తలదించుకుని, "అవునన్నా" అన్నాను.

"సరే తియ్, ఆ ఆట నువ్వే గెల్చినవ్. బాకీ తీరింది."