అత్తయ్య కోసం ఎత్తు పెంచిన జీపు

ఇప్పుడు నాకు బండి అంటే తాళం తిప్పితే కదలాలి, ఆపితే ఆగాలి, దిగేటప్పుడు నడుం పట్టకూడదు. ఇంతకు మించి దాన్నుంచి ఏమీ ఆశించే ఓపిక లేదు. ఆ రోజుల్లో ఇలా ఉండేవాణ్ణి కాదు. బందరులో కొత్తగా ఉద్యోగంలో చేరి, రాత్రీ పగలూ ఫోన్‌లో కొండలెక్కే జీపుల వీడియోలు చూస్తూ, కనబడిన ప్రతి వస్తువుకీ ఇంకేదో తగిలించాలని తహతహలాడేవాణ్ణి. మాది గూడూరు దగ్గర పల్లెటూరు. కనుచూపు మేర వరిచేలు, అవి అయిపోతే రొయ్యల చెరువులు. మా వైపు ఎత్తైన ప్రదేశం ఏదంటే కాలవ మీద వంతెనే. అలాంటి చోట పుట్టి కొండలెక్కే బండి మీద మనసు పారేసుకున్నానంటే నా తెలివితేటల గురించి వేరే చెప్పక్కర్లేదు.

ఒక రొయ్యల చెరువు ఆసామి వాడి వాడి వదిలేసిన ఫోర్ వీల్ డ్రైవ్ జీపు కొన్నాను. ఇంట్లో గొడవ కాకుండా ఉండాలంటే దానికో మంచి కారణం కావాలి కదా. ఆ కారణం మా ఇంటి వసారాలోనే, మడత మంచం మీద, మా మేనత్త రూపంలో కూర్చుని ఉంది. చిన్నప్పుడు నాకు జ్వరం వచ్చి ఎంతకీ తగ్గకపోతే, పిల్లాడు లేచి తిరిగితే హంసలదీవి తీసుకెళ్లి, కృష్ణ సముద్రంలో కలిసేచోట ఇద్దరం స్నానం చేస్తామని ఆవిడ మొక్కుకుందట. నేను లేచి తిరిగాను (కొంచెం ఎక్కువే తిరిగానని మా నాన్న అభిప్రాయం). మొక్కు మాత్రం అలాగే ఉండిపోయింది. ఈలోగా ఆవిడ మోకాళ్లు అరిగిపోయాయి.

"నా కాళ్లు పూర్తిగా పడిపోకముందే ఆ మొక్కు తీర్చేసుకోవాలి రా నాన్నా. దేవుడికిచ్చిన మాట నెత్తిన పెట్టుకుని పైకి పోలేను" అనేది అత్తయ్య.

"అక్కడంతా ఇసకా బురదా అత్తయ్యా. మామూలు బండ్లు దిగబడిపోతాయి. ఈ జీపు కొన్నదే నీకోసం" అన్నాను. ఇంట్లో అన్నాను, వీధిలో అన్నాను, ఆఫీసులో అన్నాను. అని అని చివరికి నేనే నమ్మేశాను.

గుడివాడలో ఒక మెకానిక్ ఉండేవాడు. చుట్టరికం ఏమీ లేకపోయినా ఒకరినొకరం బావా అనుకునేవాళ్లం. ఏది అడిగినా "అయిపోద్ది బావా" అనేవాడు కనక నేనతనికి అయిపోద్ది బావ అని పేరు పెట్టుకున్నాను (ఎప్పటికి అయిపోద్దో మాత్రం ఎన్నడూ చెప్పలేదు). జీపు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, "ఈ స్ప్రింగులతో సముద్రానికా? అడుగు తగిలేసుద్ది బావా. ఎత్తు లేపాలి" అన్నాడు. లేపాం. ఎత్తు లేచిన బండికి పాత టైర్లు పెద్దమనిషికి పిల్లల చెప్పులు తొడిగినట్టున్నాయి. పెద్ద టైర్లు తెప్పించాం. పెద్ద టైర్లు బాడీకి రాసుకుంటున్నాయని అంచులు కోయించాం. టైర్ల బరువుకి స్టీరింగు తిరగడం మానేసింది, దానికో మందు వేశాం. "నీళ్లలో దిగితే ఇంజన్‌లోకి పోవా?" అన్నాడు, గాలి పైనించి పీల్చుకోవడానికి టాపు దాకా ఒక గొట్టం పెట్టించాం. "దిగబడితే లాగేదెవరు?" అన్నాడు, ముందర ఇనప తాడు చుట్టుకునే మోటారు, అదే వించి, బిగించాం. ఆ వించిని మోయడానికి స్టీలు బంపరు, పైన వరసగా లైట్లు. వీటన్నిటికీ స్విచ్చులు, వైర్లు పెట్టడానికి ఎక్కడా చోటు లేక ముందు సీటు కింద ఒక పెట్టె చేసి అందులో సర్దాడు. "నడుం లోతు నీళ్లలో దింపినా ఢోకా లేదు బావా" అన్నాడు.

చెబుతుంటేనే అలుపొస్తోంది, అప్పుడు పడ్డవాడి సంగతి ఆలోచించండి. శని ఆదివారాలు నాకు శని ఆదివారాల్లా ఉండేవి కావు. ఒళ్లో ఏదో ఒక ఇనప ముక్క పెట్టుకుని గుడివాడ బస్సెక్కడం, గుడ్లవల్లేరులో ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు ఎక్కి నిలబడి దాన్నే చూడటం, ఎవరో ఒకరు "బోరు మోటారాండీ?" అనడం, నేను కాదనే శక్తి లేక అవునని తలాడించడం. తీరా వెళ్తే తెచ్చిన ముక్క వేరే మోడల్‌ది అయ్యేది. ఒక మాఘ పౌర్ణమికి టైర్లు రాలేదు. మరుసటి మాఘ పౌర్ణమికి టైర్లు వచ్చాయి గాని జీపు ముందు భాగం మొత్తం ఊడదీసి ఉంది. రెండుసార్లూ అత్తయ్య ముందు రోజే పసుపూ కుంకుమా కొబ్బరికాయా పొడి చీరా సంచిలో సర్దుకుంది. రెండుసార్లూ నేను "ఇంకొక్క పార్టు, అత్తయ్యా" అన్నాను. రెండుసార్లూ ఆవిడ సంచి విప్పి చీర మళ్లీ బీరువాలో పెట్టేసుకుంది. తిట్టినా బాగుండేది.

చివరికి జీపు ఇంటికొచ్చింది. ఊళ్లోవాళ్లంతా వచ్చి చూశారు. అత్తయ్య గోడ పట్టుకుని వాకిట్లోకి వచ్చి, తలెత్తి, ఇంకాస్త తలెత్తి చూసింది.

"పౌర్ణమి దాకా ఆగేది లేదు. సముద్రం రోజూ ఉంటది. రేపే వెళ్దాం" అంది. తర్వాత నెమ్మదిగా, "ఒరే, దీన్నెక్కడం ఎలారా?" అంది.

ఆ ప్రశ్న అన్నాళ్లలో నాకు గాని బావకు గాని తట్టలేదు. జీపు అడుగు ఆవిడ నడుముకి వస్తోంది. పీట వేశాం, పీట మీద పీట వేశాం, వెనక నించి తోశాం, ముందు నించి లాగాం. ఆవిడకి నవ్వొచ్చి ఒళ్లు వదిలేసేసరికి అందరం కిందికొచ్చాం. ఆఖరికి రైస్ మిల్లు నించి, ధాన్యం బస్తాలు లారీకెక్కించే బల్ల తెప్పించి జీపుకి ఆనించాం. దానితోపాటు వచ్చిన ఇద్దరు జట్టు కూలీలు చెరో రెక్కా పట్టుకుని ఆవిణ్ణి నడిపించారు. "బస్తా అయితే భుజానేసుకునేవాళ్లమండీ" అని నొచ్చుకున్నాడు ఒకాయన. అత్తయ్య సీట్లో కూలబడి, పమిటతో మొహం తుడుచుకుని, కింద నిలబడ్డ జనాన్ని చూసి చేతులు జోడించింది. బల్ల మిల్లుకి వెళ్లిపోయింది. మేం సముద్రానికి బయల్దేరాం.

కొత్త స్ప్రింగుల మహిమ వల్ల రోడ్డు మీద చీమ అడ్డొచ్చినా మాకు తెలిసింది. టైర్ల హోరులో ఒకరి మాట ఒకరికి వినపడలేదు. చల్లపల్లిలో కాఫీకి ఆపితే "దిగితే మళ్లీ ఎక్కలేను, ఇక్కడికే పట్రా" అంది. అవనిగడ్డలో ఇడ్లీ కూడా పైకే వెళ్లింది. హంసలదీవి గుడి దగ్గర విషయం చెబితే పూజారి గారు పాపం తీర్థం, శఠగోపం పట్టుకుని బయటికొచ్చారు. ఆయనకి అత్తయ్య తల అందలేదు. స్టీలు బంపరు మీదికెక్కి, గాలి గొట్టం పట్టుకుని, పక్కనించి చెయ్యి చాపి శఠగోపం పెట్టారు. ఆ రెండూ ఒకరికి పనికి రావడం అదే మొదలు.

ఇసకలో మాత్రం జీపు పూనకం వచ్చినట్టు వెళ్లింది. ఎక్కడా జారలేదు, దిగబడలేదు. నీళ్ల అంచున ఆపి, ఇన్నాళ్ల కష్టం ఫలించిందని ఒక్క క్షణం నిజంగా కళ్లు చెమర్చాయి. అప్పుడు బల్ల గుర్తొచ్చింది. కిందికి దించాలంటే బల్ల కావాలి. బల్ల గూడూరు మిల్లులో ఉంది.

"ఎత్తుకుని దింపుతా అత్తయ్యా" అన్నాను.

"వద్దు, నీ నడుం పడిపోద్ది. వెనక పెట్టించిన బిందె తీసుకుని నీళ్లు తెచ్చి ఇక్కడే నా నెత్తిన పొయ్యి. మూడు మునకలకి మూడు బిందెలు. దేవుడు చూస్తున్నాడుగా, అర్థం చేసుకుంటాడు" అంది.

టైరు మీదికెక్కి పోశాను. మొదటి బిందెకి గోవిందా అంది. రెండో బిందెకి పైన లైట్లన్నీ పట్టపగలు భగ్గున వెలిగాయి. మూడో బిందెకి హారన్ అందుకుంది, వించి తనంతట తను తిరుగుతూ ఇనప తాడు వదలడం మొదలుపెట్టింది. నడుం లోతు నీళ్లకి ఢోకా లేని బండి, పైనించి పోసిన మూడు బిందెలకి సీటు కింద పెట్టెలోంచి పొగ వదిలి, ఒకసారి వణికి, చల్లబడిపోయింది. అత్తయ్య ఉలకలేదు. "నువ్వూ మూడు మునకలు వేసి రా. సగం మొక్కే తీరింది" అంది. వెళ్లి మునిగాను. ఆ క్షణంలో పైకి రావాలని కూడా పెద్దగా అనిపించలేదు.

వచ్చేసరికి జీపు పక్కన ఒక ఆటో ఆగి ఉంది. కోడూరు నించి ఎవరినో స్నానాలకి తీసుకొచ్చిందట. టైర్ల మీద గీతలు కూడా అరిగిపోయిన మామూలు ఆటో. ఆ ఇసకలోనే వచ్చింది. హారన్ విని అందరూ పరిగెత్తుకొచ్చారు. టీ కొట్టు నించి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, అత్తయ్యని అందులో కూర్చోబెట్టి, ఉత్సవ విగ్రహాన్ని దించినట్టు దించారు. "మీరూ రండి మామ్మగారూ, అవనిగడ్డలో దింపుతాను" అన్నాడు ఆటో అబ్బాయి. అత్తయ్య కమ్మీ పట్టుకుని, ఒక్క అడుగు వేసి, ఎవరి సాయమూ లేకుండా ఎక్కి కూర్చుంది. జీపుని అక్కడే వదిలి నేనూ ఆవిడ పక్కన ఎక్కాను.

ఆటో కదిలాక, ఇంజన్ చప్పుడు మధ్య అడిగాను. "ఆటోలు వస్తాయని నీకు తెలుసా అత్తయ్యా?"

"తెలియకేం? మన వీధివాళ్లు ఏటా ఆటో కట్టించుకునేగా వచ్చేది. నన్నూ రమ్మన్నారు."

"మరి నాతో ఎందుకు చెప్పలేదు?"

ఆవిడ తడి కొంగు పిండుకుంటూ, "జీపు అత్తయ్య కోసమే కొన్నానని ఊరంతా చెప్పుకున్నావు కదరా. నేను ఆటోలో వెళ్లొస్తే నీ మాట ఏం కాను? అందుకని ఆగాను" అంది. తర్వాత నా భుజం మీద తల ఆనించి నిద్రపోయింది. అవనిగడ్డ వచ్చిందాకా నేను కదల్లేదు.

తర్వాత జీపుని లారీకి కట్టి లాగించుకుని అయిపోద్ది బావ దగ్గరికెళ్లి, "దీన్ని దించెయ్యి, మామూలుగా చెయ్యి" అన్నాను. ఆ ఒక్కదానికీ అతను అయిపోద్ది అనలేదు. "ఎత్తు లేపే పార్టులే వస్తాయి బావా, దించేవి ఎవరూ చెయ్యరు. పాత స్ప్రింగులు పాత ఇనప సామాన్ల వాడికి ఎప్పుడో ఇచ్చేశా" అన్నాడు. ఆ జీపు మళ్లీ ఒక రొయ్యల చెరువుకే వెళ్లిపోయింది. అత్తయ్య ఉన్నన్నాళ్లూ ఆవిణ్ణి ఎక్కడికి తీసుకెళ్లినా ఆటోలోనే తీసుకెళ్లాను. అవి ఎన్నో ఏళ్లు కావు.

ఆ రోజుల్లోని నేను, ఆ కుర్రాడు, ఇప్పుడు నాకు ఎదురుపడితే కోప్పడను. పక్కన కూర్చోబెట్టుకుని, "బాబూ, దొరికిన బండిలో ఈ ఆదివారమే తీసుకెళ్లు" అని చెబుతాను. వింటాడని కాదు. నేను చెబుతున్నంతసేపూ వాడు తల దించుకుని ఫోన్‌లో ఏదో పార్టు వెతుక్కుంటూనే ఉంటాడు. మధ్యలో ఒకసారి తలెత్తి, "అత్తయ్య కోసమేనండీ" అంటాడు.