దించని హారతి

నా చిన్నప్పుడు, 1960లో, జ్యేష్ఠమాసం. బడులు తెరిచిన వారం. ఆ సాయంత్రం గదిలో ఉన్నవారు: అమ్మ, మా మేనత్త, పక్కింటి పిన్నిగారు, వీధిలోని పేరంటాళ్ళు, పీట మీద నేను. చివరికి వచ్చి నిలబడినవారు మా నాన్న. డైరీ రాయడం నాకు తర్వాతి ఏళ్ళలో అబ్బిన అలవాటు. ఆ రోజును మాత్రం డైరీ లేకుండానే వరుసగా చెప్పగలను.

నూజివీడులో మాది మామిడికాయల వ్యాపారం. ఇంటి వెనక ఒక గదిలో వరిగడ్డి పరిచి రసాలు మగ్గవేసేవారు. నేను పెద్దమనిషినయ్యానని తెలిసిన రోజున, దాని పక్కనే ఉన్న చిన్న గదిలో తాటాకు చాప వేసి నన్ను కూర్చోబెట్టారు. చాప దాటకూడదు. ఎవరినీ ముట్టుకోకూడదు. కిటికీ ఒకటుంది గానీ, దానికి అడ్డంగా ఖాళీ గంపలు పేర్చి ఉండేవి. వాటి సందుల్లోంచి పెరట్లో నడిచేవాళ్ళ కాళ్ళు మాత్రం కనిపించేవి. మగ్గే పళ్ళ వాసన పగలంతా గోడ దాటి వచ్చేది. మొదటి రోజు నోరూరించిన ఆ వాసనే పోనుపోను ఊపిరాడనివ్వలేదు.

పొద్దువాలాక పేరంటాళ్ళు వచ్చి పాటలు పాడేవారు. అన్నీ వేళాకోళం పాటలే. రాబోయే మొగుడి మీద, అత్తగారి మీద. చప్పట్లతో, నవ్వులతో గది నిండిపోయేది. వాళ్ళ పాట జోరందుకునేకొద్దీ నాకు గోడలు దగ్గరికి జరుగుతున్నట్టు ఉండేది. ఒకసారి పక్కింటి పిన్నిగారు, "ఆ గదిలో రసాలు మగ్గుతున్నాయి, ఈ గదిలో మన పిల్ల మగ్గుతోంది. ఏది ముందు లారీ ఎక్కుతుందో మరి" అంది. అందరూ నవ్వారు. అమ్మ కూడా నవ్వింది. నేను మోకాళ్ళ మధ్య తల దూర్చుకున్నాను.

ఆ ఏడు నేను తొమ్మిదో తరగతిలో కూర్చోవాలి. చాప మీద చివరి రోజు మధ్యాహ్నం, గోడ అవతల నాన్న అమ్మతో మాట్లాడటం విన్నాను. రేపు పొద్దున్నే బడికెళ్ళి పిల్ల పేరు తీయించేస్తానని, ఇక చదివింది చాలని చెప్పారు. గొంతు పెంచలేదు. కోతకి ఎంతమందిని పిలవాలో చెప్పినంత మామూలుగా చెప్పారు. అమ్మ ఏమీ అనలేదు. లేచి వెళ్ళి అడుగుదామంటే నాకు చాప అడ్డం.

ఆ మాట విన్నది నేనొక్కదాన్నే కాదు. విస్సన్నపేట నుంచి వచ్చిన మా మేనత్త, నాకు పెట్టడానికి నువ్వుల చిమ్మిలి తెచ్చి గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె నాన్నకి అక్క. నాన్న పసితనంలోనే వాళ్ళమ్మ పోతే, తమ్ముణ్ణి పెంచింది ఈమే. నా మొహం చూసింది, చిమ్మిలి ఆకులో పెట్టింది, తినమని సైగ చేసి వెళ్ళిపోయింది. ఓదార్చలేదు.

సాయంత్రం స్నానమయ్యాక పట్టుపరికిణీ కట్టి నన్ను పీట మీద కూర్చోబెట్టారు. బయట లారీకి గంపలు ఎక్కిస్తున్నారు. నాన్న హడావిడిగా వచ్చి అక్షింతలు వేసి వెనక్కి తిరగబోయారు. సరిగ్గా అప్పుడే అత్త కర్పూరం వెలిగించి పళ్ళెం ఎత్తింది. హారతి నడుస్తుండగా మా ఇళ్ళలో ఎవరూ కదలరు. పాట అయ్యి పళ్ళెం దించేదాకా నిలబడాల్సిందే. నాన్న నిలబడ్డారు.

అత్త పాట ఎత్తుకుంది. మాటలు మంగళహారతివే. వరస మాత్రం జోలపాటది. పేరంటాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. గొంతు కలపబోయిన పక్కింటి పిన్నిగారు తడబడి ఊరుకుంది. అత్త ఎవరినీ చూడలేదు. ఒక చరణం కాగానే మళ్ళీ మొదటికి వచ్చేది. కర్పూరం కరిగిపోవస్తుంటే అమ్మ మరో బిళ్ళ వేసింది. మధ్యాహ్నం నోరు మెదపని అమ్మ.

నాన్న మొదట గుమ్మం వైపు చూశారు. తర్వాత నేల వైపు చూశారు. లారీ హారన్ మోగింది. ఆయన తల తిప్పలేదు. బిగించి పట్టుకున్న కండువా కొస వేళ్ళలోంచి జారిపోయింది. వాళ్ళమ్మ, ఆవిడ పోయాక అత్త, ఆయన్ని నిద్రపుచ్చిన వరస అదేనని అమ్మ నాకు తర్వాత చెప్పింది. అప్పుడు నాకు తెలిసింది ఇంతే: నాలాగే ఆయనా కదలడానికి వీల్లేని చోట చిక్కుకున్నారు, ఆయన మొహం మెత్తబడుతోంది.

అత్త పాట ఆపింది. పళ్ళెం దించలేదు.

"హారతికి కానుక వెయ్యాలిరా తమ్ముడూ."

నాన్న జేబులో చెయ్యి పెట్టారు.

"అది కాదు. పిల్ల పేరు బళ్ళో అట్టానే ఉండనీ."

"ఇదేం పేచీ అక్కా, పేరంటాళ్ళ ముందు."

"పేచీ ఏంటి? చెయ్యి లాగేస్తోంది, త్వరగా చెప్పు."

ఎవరో కిసుక్కుమన్నారు. నాన్న నవ్వలేదు. రేపు చూద్దాంలే అన్నారు. అత్త పళ్ళెం దించింది.

పాట మనిషిని మార్చేస్తుందని నేను అనను. హుషారు పాటలే నన్ను గోడకి నొక్కేశాయి. జోలపాట ఆయన్ని కాస్తంత సేపు పాత చోటికి తీసుకెళ్ళింది. ఎవరికి ఏ వరస ఎక్కడ తగులుతుందో అత్తకి తెలుసు. పెంచింది కదా.

మర్నాడు పొద్దున నాన్న గొడుగు తీసుకుని, అమ్మాయిని కూడా రమ్మను అన్నారు. బడికే. ఎందుకో చెప్పలేదు. ఆయన వెనకే నడిచాను. ఆయనకే తెలియకుండా ఆ జోలపాట వరస కూనిరాగం తీస్తున్నారు. బజారు మలుపులో తోటి వ్యాపారి ఒకాయన పలకరించి కాయల ధర అడిగాడు. కూనిరాగం ఆగిపోయింది. మళ్ళీ నడక మొదలయ్యాక కూడా అది రాలేదు.  ఏం చెయ్యాలో తోచక, ఆగిన చోటు నుంచి నేను అందుకున్నాను. ఆయన వెనక్కి చూడలేదు. కొంత దూరం పోయాక నడక నెమ్మదించి, ఆయనా గొంతు కలిపారు.

బడి గేటు దగ్గర ఆగి, "నువ్వెళ్ళు. నేను తోటకి పోవాలి" అన్నారు. పేరు తీయించడానికి ఆయన లోపలికి రాలేదు.

ఎవరి ఎదుటైనా నోరు పెగలనప్పుడు, ఈ వయసులో కూడా, ముందు ఆ వరస పెదవుల వెనక మొదలుపెడతాను. ఆనాడు గేటు వచ్చేదాకా పాడినట్టే, మాట వచ్చేదాకా ఆగకుండా చూసుకుంటాను.