తొవ్వ అడిగే విఠల్ దాదా

మొన్న మే నెలలో, మిట్టమధ్యాహ్నం, కరీంనగర్ కమాన్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయాను. ముందు ఇసుక లారీ, పక్కన పెళ్లి సామాను నింపుకున్న ఆటో, వెనక హారన్ మీద నుంచి వేలు తీయని ఒక మహానుభావుడు. నా ఎడమ పక్కన ఆగిన మోటార్ సైకిల్‌లో ఫ్యాన్ గిర్రున మొదలైంది. వేడిగాలి వచ్చి నా పిక్కకు తగిలింది. దాని వెనకే ఒక తియ్యటి వాసన, బెల్లం పాకం అడుగంటుతున్నప్పుడు వచ్చేలాంటిది. రేడియేటర్ కాగిపోయి కూలెంట్ ఎక్కడో బయటికి కారుతోందని నా ముక్కు చెప్పేసింది. ఆ బండి మీదున్న కుర్రాడు నీళ్ల సీసా మూత తిప్పి ఇంజిన్ మీద పోయబోయాడు. "పోయకు తమ్మీ, పగుల్తది! పక్కకు పెట్టి సల్లారనీయ్" అని అరిచాను. వాడు నన్ను ఎగాదిగా చూశాడు. చూడటంలో తప్పులేదు. చల్లారనీయమన్న మనిషిని ఒకప్పుడు నేనూ అలాగే చూశాను.

ఆ మనిషి విఠల్ దాదా. ఆదిలాబాద్‌లో ఆయనకు మోటార్ సైకిళ్లు బాగుచేసే దుకాణం ఉండేది. రేకుల కప్పు, ముందు ఒక వేపచెట్టు, చెట్టు కింద పొడుగాటి బెంచీ, బెంచీ పక్కన తడిగుడ్డ చుట్టిన నీళ్ల రంజన్, అంటే మట్టికుండ. పొట్టి మనిషి, తెల్ల టోపీ, చెవి మీద ఎప్పుడూ ఒక పెన్సిల్. ఆ పెన్సిల్‌తో ఆయన ఏదైనా రాయగా నేను చూడలేదు. సగం తెలుగు, సగం మరాఠీ కలిపి మాట్లాడేవాడు. ఎవరైనా తొందరపడితే చాలు, "థాంబ్ రే" అనేవాడు. ఆగరా అని. నేను ఆయన దగ్గరున్న నాలుగేళ్లలో ఆ మాట నాకే ఎక్కువసార్లు దక్కింది.

నేను ఆయన దగ్గరికి గొప్పగా ఏమీ వెళ్లలేదు. కరీంనగర్ పక్కన చిన్న ఊరు మాది. బాపు సాంచాల మీద పనిచేసేవాడు, అంటే మరమగ్గాల మీద. నేను ఆటోమొబైల్ డిప్లొమా చదివి ఒక షోరూమ్‌లో సర్వీసు పనికి చేరాను. ఏడాది తిరగకముందే ఒక కస్టమర్ మీద నోరు పారేసుకుని ఇంటికొచ్చాను. ఇరవై నాలుగేళ్ల వయసు, సర్టిఫికెట్ చేతిలో, కోపం ముక్కు మీద. తెలిసినవాళ్లెవరో చెబితే ఆదిలాబాద్ బస్సెక్కాను. దాదా నా పేరు అడిగాడు. సదానందం అన్నాను. "పేరు సదానందం, మొఖం సదా చింతపండు" అని నవ్వి, పానా చేతికిచ్చాడు. అంతే ఇంటర్వ్యూ.

దాదా దుకాణానికి ఒక పద్ధతి ఉండేది. వేడెక్కిన బండి వస్తే ఎవరూ ముట్టుకోకూడదు. బండిని చెట్టు నీడలో నిలబెట్టాలి, దాని యజమానిని బెంచీ మీద కూర్చోబెట్టాలి, రంజన్ నీళ్లు ఇవ్వాలి. ఆ తర్వాత దాదా పక్కన కూర్చుని ఒకే ప్రశ్న వేసేవాడు: "ఏ తొవ్వల వచ్చినవ్?" ఇల్లు కదిలినప్పటి నుంచి ఎక్కడ ఆగారు, ఎక్కడ గుంతలు, ఎక్కడ గేటు పడింది, అన్నీ చెప్పించేవాడు. మనుషులు మొదట విసుక్కుని, తర్వాత తమ ఇంటి సంగతుల దాకా చెప్పేవారు. ఈలోగా ఇంజిన్ చల్లారేది. నాకు మాత్రం ఒళ్లు మండేది. బండి ఎదురుగా పెట్టుకుని దారి సంగతులతో పనేమిటని.

చేరిన వారంలోనే ఆ పద్ధతి తప్పాను. ఎవరో తొందరలో ఉన్నానంటే, దాదా లేనప్పుడు చూసి, వేడి మీదే రేడియేటర్ మూత తిప్పాను. కాగుతున్న నీళ్లు ఎగజిమ్మి ముంజేతి మీద పడ్డాయి. కేక విని దాదా పరుగెత్తుకొచ్చాడు. నా చెయ్యి పట్టుకుని రంజన్ దగ్గర కూర్చోబెట్టి, చెంబుతో చల్లటి నీళ్లు పోస్తూనే ఉన్నాడు, చాలాసేపు. తిడతాడని చూశాను. తిట్టలేదు. "మా అత్తమ్మ నోరు, రేడియేటర్ మూత. గీ రెండు గరం మీద తెరిపించొద్దు బిడ్డా" అన్నాడు. నొప్పితో ఏడుస్తున్నవాణ్ని నవ్వాను. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. ఎడమచేతికి గడియారం పెట్టుకుంటే అది కనబడదు, అందుకే నేను గడియారం కుడిచేతికి పెట్టుకుంటాను.

మచ్చ పడింది గానీ బుద్ధి రాలేదు. అది గంగామణి వల్ల వచ్చింది.

గంగామణిది ఖానాపూర్ దగ్గర పల్లె. టీచర్ ఉద్యోగం పరీక్షకు చదువుకోవడానికి ఆదిలాబాద్‌లో ఊరికి ఒక కొసన గది తీసుకుంది. కోచింగు సెంటరు ఇంకో కొసన. తమ్ముడు మిలిటరీలో చేరుతూ తన బండి అక్కకు వదిలి వెళ్లాడు. ఎర్రటి బండి, రేడియేటరూ ఫ్యానూ ఉన్న రకం. ట్రాఫిక్‌లో ఐదు నిమిషాలు ఆగితే ఎర్రదీపం వెలిగి, ఇంజిన్ ఆగిపోతోందని తీసుకొచ్చింది. దాదా ఆ బండిని నాకు అప్పజెప్పాడు. మొదటిసారి కూలెంట్ మార్చి, ఫ్యాన్ ఫ్యూజు వేసి పంపాను. వారానికి తిరిగొచ్చింది. రెండోసారి ఏకంగా కొత్త ఫ్యానే బిగించాను. ఫ్యాన్ ఝుమ్మని తిరుగుతోంది, బండి మాత్రం మళ్లీ మరుగుతోంది. దాదా రెండుసార్లూ బెంచీ మీద నుంచి ఒకటే మాట అన్నాడు: "తొవ్వ అడిగినవా?" బండి ఇక్కడుంది కదా దాదా, తొవ్వ ఎందుకు అన్నాను.

మూడోసారి వచ్చినప్పుడు నాకు దారి తోచలేదు. తోచనివాడు చేసే పనే చేశాను, నేరం ఎదుటివాళ్ల మీదికి నెట్టాను. "బండి మంచిగనే ఉంది. మీరు హాఫ్ క్లచ్ మీద నడుపుతున్నరు, అందుకే గరమైతుంది" అన్నాను. గంగామణి నన్ను పైనుంచి కిందికి చూసింది.

"నేను పదో తరగతిల్నే మా బాపు ట్రాక్టర్ తోలిన. నాకు క్లచ్ నేర్పుతవా నువ్వు?" అని, కిక్కు కొట్టి వెళ్లిపోయింది. బెంచీ మీద దాదా నవ్వు ఆపుకోలేక టోపీ తీసి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

హోలీ దగ్గరపడింది, ఎండలు ముదురుతున్నాయి. ఒకరోజు మధ్యాహ్నం ఒంటిగంట దాటుతుండగా గంగామణి బండిని తోసుకుంటూ దుకాణం ముందుకొచ్చింది. చెమటతో తడిసిపోయి ఉంది. భుజానికి సంచి, చేతిలో హాల్ టికెట్. ఆ రోజే పరీక్ష. సెంటరు ఊరి అవతల, కోచింగుకు పోయే దారిలోనే. ఒంటిగంటా నలభై ఐదుకు గేటు మూస్తారు, నిమిషం దాటితే ఎవరు మొత్తుకున్నా తెరవరు. నావైపు చూడను కూడా చూడలేదు. "దాదా, ఆటోలు ఒక్కటి ఆగుతలేవు. రెండేండ్ల సంది సదువుతున్న" అంది.

దాదా జేబులోంచి తన స్కూటర్ తాళం తీసి నా మీదికి విసిరాడు. "సదా, జల్ది దింపిరా పో. నెమ్మది కాదు, జల్ది!" ఆయన నోట ఆ మాట నేను వినడం అదే మొదటిసారి.

నాలుగు సందులు దాటి పత్తి మార్కెట్ ముందుకు వచ్చేసరికి దారి మూసుకుపోయింది. పత్తి నింపిన వ్యాన్లు గేటు నుంచి చౌరస్తా దాకా బారులు తీరి ఉన్నాయి. ఒకటి అడ్డంగా తిరిగి నిలబడింది. నేను హారన్ కొట్టాను, అరిచాను, డ్రైవర్‌ను వాడి ఏడు తరాలతో సహా తలుచుకున్నాను. వాడు ఇంజిన్ ఆపేసి, చేతులు కట్టుకుని కూర్చున్నాడు. గంగామణి దిగి వాడి దగ్గరికి నడిచింది. "అన్నా, పరీక్ష ఉన్నది. జర జరుగవా?" అంది. "గట్ల చెప్పాలె గదా చెల్లె" అని వాడు వెంటనే ఇంజిన్ తిప్పాడు. వెనక బండ్లు ఒక్కొక్కటే జరగాలి కాబట్టి మేము ఎండలో ఎదురుచూస్తూ నిలబడ్డాం.

అప్పుడు చూశాను. గాలి నిండా దూది. వ్యాన్ల మీద నుంచి రేగి, ఎండలో తేలుతూ, నా ముంజేతి మచ్చ మీద, ఆమె కనురెప్పల మీద వాలుతోంది. ఆమె అలవాటుగా చున్నీతో ముఖం తుడుచుకుంది. "రోజు గిదే లొల్లి. పొద్దుగాల అర్ధగంట, సాయంత్రం అర్ధగంట. ఇంటికి పోయి దులుపుకుంటే దిండు నింపచ్చు" అంది.

బాపు కళ్ల ముందు నిలిచాడు. వారానికి ఒకసారి సాంచా ఆపి, పాత చీపురు పుల్లలు కట్ట కట్టి, మోటారు సందుల్లో ఇరుక్కున్న దూది గోకి తీసేవాడు. "దూది కప్పుకుంటే మోటర్‌కు జరమొస్తదిరా" అనేవాడు. ఆ దూది పీల్చి పెరిగినవాణ్ని నేను. డిప్లొమా చదివి, కొత్త ఫ్యాన్ బిగించి, దూది సంగతి మాత్రం అడగలేదు. ఒక్క మాట అడిగి ఉంటే ఆమె మొదటి రోజే చెప్పేది.

"తప్పు నాదే. నీ క్లచ్‌ది కాదు" అన్నాను.

"పరీక్ష అయినంక చెప్పు. గిప్పుడు చెప్తే నాకు లెక్కలు మర్చిపోతయ్" అంది ఆమె. దారి తెరుచుకుంది. గేటు దగ్గర ఆమె దిగి పరుగెత్తింది. లోపలికి పోయిన కాసేపటికే కాపలాదారు గేటు లాగేశాడు. నేను స్కూటర్ మీద కూర్చుని, సిగ్గులేకుండా ఏడ్చాను. ఇంకో రెండు వ్యాన్లు అడ్డం ఉంటే ఆ పిల్ల రెండేళ్లు నా పొగరుకు బలయ్యేవి.

తిరిగొచ్చేసరికి ఎర్రబండి చెట్టు కింద చల్లారి ఉంది. దాదా ముట్టుకోలేదు. నేను బండి స్టార్ట్ చేసి ఫ్యాన్ తిరిగేదాకా ఆగాను. పాత క్యాలెండర్ కాగితం ముక్క చించి రేడియేటర్ ముందు పెట్టాను. ఫ్యాన్ గాలిని లోపలికి లాగుతుంటే కాగితం అతుక్కుని నిలవాలి. జారి కింద పడింది. ఇంజిన్ ఆపి, మళ్లీ చల్లారనిచ్చి, రాళ్లు తగలకుండా వాళ్ల తమ్ముడు ముందు బిగించిన సన్న జాలీ విప్పాను. జాలీకీ రేడియేటర్‌కీ మధ్య దూది, దుమ్ము, నూనె కలిసి నల్లటి గొంగడి ముక్కలా పేరుకుపోయింది. పైనుంచి చూస్తే అది రేడియేటర్ రంగులోనే ఉంది. మెత్తటి కుంచెతో దులిపి, వెనక నుంచి సన్నటి ధారగా నీళ్లు పట్టాను. మళ్లీ స్టార్ట్ చేసి, ఫ్యాన్ తిరిగాక కాగితం పెడితే టప్పున అతుక్కుంది.

"దాదా, నీకు ముందే తెలుసు కదా?" అన్నాను.

ఆయన తల అడ్డంగా ఊపాడు. "తెల్వది. నేను సుత తొవ్వ అడగలే. నువ్వే అడుగుతవని ఊకున్న. పిల్ల పరీక్ష పోతే ఇద్దరం కలిసే పోగొట్టేటోళ్లం." నాకు పాఠం చెప్పే అవకాశం చేతికందితే, ఆయన అందులో తన వాటా తప్పు తీసుకుని పక్కన కూర్చున్నాడు. అంతకు ముందు నన్ను చాలామంది తిట్టారు. ఇలా ఎవరూ పక్కన కూర్చోలేదు.

గంగామణికి ఆ ఏడే ఉద్యోగం వచ్చింది, ఖానాపూర్ వైపు బడిలో. దూద్‌పేడాల డబ్బా పట్టుకుని దుకాణానికి వచ్చి, "హాఫ్ క్లచ్ టీచరమ్మ వచ్చింది, నోరు తెర్వు" అని నా నోట్లో ఒకటి కుక్కింది.

ఇప్పుడు కరీంనగర్‌లో నాకు సొంత దుకాణం ఉంది. పానాల కంటే ముందు బెంచీ కొన్నాను, తర్వాత రంజన్. కోపం పూర్తిగా పోయిందంటే మా ఆవిడ ఒప్పుకోదు గానీ, నోరు తెరిచేముందు ఒక గ్లాసు నీళ్లు తాగే అలవాటైంది. బండి ఎందుకు వేడెక్కిందో చెప్పే యంత్రాలు కూడా వచ్చాయి, నా దగ్గరా ఒకటుంది. అది ఏ బండి పత్తి మార్కెట్ ముందు నిలబడిందో చెప్పదు.

పోయిన శివరాత్రి తర్వాత ఒకరోజు దుకాణం ముందు పాత స్కూటర్ టకటకమంటూ వచ్చి ఆగింది. తెల్ల టోపీ, చెవి మీద పెన్సిల్. డెబ్బై దాటిన మనిషి ఆదిలాబాద్ నుంచి కరీంనగర్ దాకా ఆ స్కూటర్ మీదే వచ్చాడు! "జర గరమైతుంది, సూడు" అన్నాడు. నేను సంబరంలో పానా పట్టుకుని వంగబోయాను. దాదా చేతులు వెనక్కి కట్టుకుని నావైపు చూస్తూ నిలబడ్డాడు. పానా కింద పెట్టాను. స్కూటర్‌ను నీడలోకి జరిపి, ఆయన్ని బెంచీ మీద కూర్చోబెట్టి, రంజన్ నీళ్లిచ్చి పక్కన కూర్చున్నాను.

"ఏ తొవ్వల వచ్చినవ్ దాదా?"

ఆయన ముఖం విప్పారింది. ఇల్లు కదిలిన దగ్గర నుంచి మొదలుపెట్టాడు. ఘాట్ రోడ్డు మీద కోతులు, నిర్మల్‌లో తాగిన చాయ్, ఖానాపూర్ దగ్గర గంగామణి బడి. అక్కడ ఆమె ఆయన్ని పిల్లల ముందు నిలబెట్టి, రేడియేటర్ అంటే ఏమిటో చెప్పించిందట. క్యాలెండర్ కాగితం ఆటకు పిల్లలు చప్పట్లు కొట్టారట. ఆ తర్వాత మెట్‌పల్లి, దారి పొడుగునా ఆరబోసిన పసుపు వాసన. ఆయన మాటల్లో మెట్‌పల్లి ఇంకా రాకముందే స్కూటర్ చల్లారిపోయింది. నేను బెంచీ మీద నుంచి లేవలేదు.