బాగున్న మోకాలికి కట్టు

గీదంలో నా ఫిజియోథెరపీ క్లినిక్‌కి ఈ రోజు మధ్యాహ్నం ఇనుప గనుల ఊరు బచేలీ నుంచి ఒక కబడ్డీ అమ్మాయి వచ్చింది. జీతానికి ఆడే రైడర్. కుడి మోకాలు నొప్పి అంది. వంచి చూశాను, తిప్పి చూశాను. నా మోకాలికంటే బాగుంది.

ఆమె లేచి తలుపు వేసి, గొంతు తగ్గించింది.

"మోకాలి నొప్పనే రాయండన్నా. మోకాలైతే ఛుట్టీ ఇస్తారు. భయమని చెబితే టీంలోంచి పేరు కొట్టేస్తారు."

"దేనికమ్మా భయం?"

"గీత దాటగానే ఊపిరాడట్లేదన్నా. కూత మధ్యలోనే ఆగిపోతోంది. నెలన్నరగా నిద్ర లేదు. పొద్దున లేవాలనే అనిపించట్లేదు."

ఇంత చదువు చదివి నేను చేసిందేమిటంటే, నిక్షేపంలాంటి మోకాలికి కట్టు కట్టి, లిగమెంట్ దెబ్బతిందని, పదిహేను రోజులు రెస్ట్ అని రాసిచ్చాను.

బయట వాళ్ళ నాన్న, గనిలో డంపర్ నడిపే మనిషి, డ్యూటీ బట్టల్లోనే కూర్చున్నాడు. కాగితం చూసి, "మోకాలేనా! హమ్మయ్య, తగ్గిపోతుందిలే" అన్నాడు. ఆ అమ్మాయి రెండడుగులు మామూలుగా వేసి, గుర్తొచ్చి కుంటడం మొదలుపెట్టింది.

తిట్టేవాళ్ళు తిట్టండి. కానీ ఇక్కడి నుంచి జగదల్‌పూర్ దాకా ఆటగాళ్ళ గోడు వినే డాక్టరు ఎవరైనా తెలిస్తే ముందు ఆ పేరు చెప్పండి. నేను రాసింది పదిహేను రోజులే.