ఎడమ క్రాంకు

మా ఆవిడ పాత లేడీస్ సైకిలును విప్పి మళ్లీ కట్టేటప్పుడు, కొత్త సామాను ఒక్కటీ వేయకూడదనుకున్నాను. చిలమత్తూరు దగ్గర బడిలో టీచరుగా చేరినప్పుడు ఆమె కొనుక్కున్న బండి అది. రిటైరయ్యాక కూడా సోమందేపల్లె శివారులోని మా ఇంటి నుంచి మా చీనీ బత్తాయి తోటకు దాని మీదే వెళ్లేది. ఎడమ మోకాలు పట్టేశాక ఎవరైనా స్కూటరు మీద దింపితేనే తోట.

సైకిలు తొక్కవచ్చు, మోకాలు మరీ మడవకూడదు అన్నాడు డాక్టరు. మడ్‌గార్డులు, చైన్ కవరు, డైనమో అన్నీ పాతవే బాగుచేసి బిగించి ఆమెను ఎక్కించాను. ఎడమ పెడల్ పైకి వచ్చేసరికి కాలు ఆగిపోయింది.

"సీటు ఎత్తితే?"

"నేల అందదు. పడితే మీరొచ్చి లేపుతారా?"

మోకాలు తక్కువ మడవాలంటే పెడల్ తిరిగే చుట్టు చిన్నది కావాలి, అందుకు క్రాంకు పొట్టిది కావాలి. పెడల్‌ను మధ్య ఇరుసుకు కలిపే ఇనుప చేయే క్రాంకు. హిందూపురంలో పాత సామాన్ల అంగడిలో పిల్లల సైకిలుది ఒక జత దొరికింది. వాటి రంధ్రం మా ఇరుసుకు పట్టలేదు.

"ఇరుసు గూడా ఎత్తుకపోండి సార్. సెట్టుకు సెట్టు అయితాది" అన్నాడు అంగడాయన.

తెచ్చి వేశాను. ఆ ఇరుసు పొట్టిది. చైన్ చక్రం ఫ్రేమును రాసుకుంది. దాన్ని మార్చి పొడుగు ఇరుసు తెస్తే చక్రం బయటికి జరిగి కవరును గీకింది. కవరు కోయడానికి నాకు చేయి రాలేదు. కొలతలన్నీ డైరీలో రాసుకుని కూర్చున్నాను.

ఆమె వచ్చి చూసింది. "నొప్పి ఒక కాలికే గదా ఉండాది. రెండు పక్కలా పొట్టివి ఎందుకు? మీకు అన్నీ జతలే కావల్ల!"

నాకు అది తోచనే లేదు. కుడి క్రాంకు, చైన్ చక్రం, ఇరుసు మునుపటివే ఉంచితే ఏదీ రాసుకోదు. మా ఇరుసుకు పట్టే పొట్టి ఎడమ క్రాంకు ఒక్కటి చాలు. జతలు వెతికిన నేను అంగడి మూలన జత తప్పిన క్రాంకుల కుప్పను ముట్టుకోనే లేదు. పాత ఇరుసు పట్టుకెళ్లి ఒక్కొక్కటీ దూర్చి చూస్తుంటే అంగడాయన నవ్వాడు.

"ఏం సార్, కుంటి బండి చేస్తాండారా?"

"కుంటేది మనిషి కాకుంటే చాలప్పా" అన్నాను. కుప్ప అడుగున ఒకటి సరిగ్గా కూర్చుంది.

ఇంటికొచ్చి బిగిస్తే రెండు పెడళ్లు ఒకే వరసలో నిలవలేదు. క్రాంకును ఇరుసుకు పట్టి ఉంచే కాటర్ పిన్ను తిరగేసి కొట్టానని తెలిసి, తీసి మళ్లీ కొట్టాను. ఆమె వాకిట్లో రెండు చుట్లు తిరిగింది. ఎడమ కాలు ఆగలేదు.

"తోటలో డ్రిప్పు నీళ్లు వదిలినారో లేదో చూసొస్తా" అంటూ గేటు దాటింది.

అసలు ఎడమ క్రాంకును నూనె గుడ్డలో చుట్టి దాచాను. పాత సైకిళ్ల మీద మోజున్నవాళ్లు అప్పుడప్పుడు ఆమె బండిని చూడడానికి వస్తారు. చాలాసార్లు వాళ్లకు చూపించడానికి సైకిలు ఇంట్లో ఉండదు.