మైకు ముందు ఉలవచారు

మా ఇంట్లో ఆదివారం సాయంత్రం కాఫీలయ్యాక ఒక సమావేశం జరుగుతుంది. హాజరయ్యేది ముగ్గురం, మాట్లాడేది ఒక్కరు. రాబోయే వారం రాత్రి భోజనాల్లోకి ఏం వండాలో మా ఆయన అందులో ప్రకటిస్తారు. ఎవరు వండాలో మాత్రం ప్రకటించేవారు కాదు. అది అందరికీ తెలిసిన విషయమే కదా.

ఇదంతా పార్కులో మొదలైంది. మద్రాసు టి. నగర్‌లో మా ఇంటి దగ్గర పార్కులో పొద్దున్నే నడిచే పెద్దమనుషుల గుంపు ఒకటుంది. వాళ్లు నడిచేది కొంచెం, షుగర్ గురించి మాట్లాడుకునేది ఎక్కువ. ఒకరోజు ఎవరో వక్తను పిలిపించుకుని బెంచీల మీద కూర్చుని ఉపన్యాసం విన్నారు. ప్యాకెట్లో వచ్చేదంతా విషమనీ, గింజ చేలో ఎలా పండిందో అలాగే ఇంటికి తెచ్చుకోవాలనీ, రాత్రికి దాన్ని అప్పటికప్పుడు వండుకుని ఎనిమిదిలోపు తినెయ్యాలనీ ఆయన చెప్పాడట. మా ఆయన ఇంటికి వస్తూనే తిన్నగా వంటింట్లోకి వెళ్లారు. పెళ్లయిన ఇరవై ఏళ్లలో మంచినీళ్ల కోసం కాకుండా ఆయన అక్కడికి వెళ్లడం నేను చూడటం అదే మొదలు.

సాంబారు పొడి ప్యాకెట్, సేమ్యా, అప్పడాలు, రిఫైండ్ నూనె అన్నీ గట్టు మీద వరసగా పెట్టారు. వాటి పక్కన మూలకొట్లో కొన్న ఇడ్లీ పిండి కూడా. ఆ పిండి ప్యాకెట్ లేకపోతే ఈ ఊళ్లో సగం ఇళ్లలో రాత్రి టిఫిను ఉండదు.

"ఇదంతా ప్రాసెస్ చేసింది. ఇంక మనింట్లో ఇదేదీ ఉండగూడదు, సరియా?" అన్నారు.

"మరి ఇడ్లీ పిండి?"

"మనమే రుబ్బుకుందాం."

మా ఆయన మనం అన్నారంటే నేను నడుం బిగించాలని అర్థం. ఆ వారంలోనే నాకు ఆయన సిద్ధాంతం పూర్తిగా బోధపడింది. అదే గింజను మిల్లువాడు దంచితే ప్రాసెసింగు, నేను దంచితే ఆరోగ్యం. కాఫీ పొడి సంగతేమిటని అడిగాను. గింజను కాల్చి, పొడిచేసి, చికోరీ కలిపి ప్యాకెట్లో పోసిందే కదా అదీ. "అది రాత్రి భోజనంలోకి రాదు కదా" అన్నారు. సాయంత్రం ఆయన గుప్పిళ్లకొద్దీ తినే మిక్చరు కూడా రాత్రి భోజనంలోకి రాదు.

మా ఆయనవాళ్లు తాతల కాలంనుంచీ మద్రాసువాళ్లు. ఆయనది ఇన్సూరెన్సు ఆఫీసులో ఉద్యోగం. ఇంట్లో మేమిద్దరం, మా అత్తగారు. నేను తెనాలి పక్కనుంచి వచ్చినదాన్ని. నా మాట స్పష్టంగా ఉంటుందని ఎవరో చెబితే డబ్బింగు పనికి చేరాను. తమిళ సీరియళ్లు తెలుగులోకి వెళ్లేటప్పుడు వాటికి గొంతివ్వడం నా పని. ఏళ్ల తరబడి నేను ఇచ్చిన గొంతులు మీరు వినే ఉంటారు, గుర్తుండవు. పెళ్లిలో వెనక వరసలో "పిల్ల బావుంది" అనే ఆవిడ, ఆసుపత్రిలో "డాక్టరుగారు వస్తున్నారు" అనే నర్సు, ఎవరైనా పోతే గుంపులో ఏడ్చేవాళ్లలో ఇద్దరు ముగ్గురు నేనే.

సరిగ్గా పార్కు ఉపన్యాసం జరిగిన నెలలోనే నాకు మొదటిసారి పేరున్న మనిషి గొంతు దొరికింది. రోజూ వచ్చే సీరియల్లో పెద్దింటి అత్తగారు. కోడళ్లను వణికించే మనిషి. రికార్డింగు మాత్రం సాయంత్రాలే. నాలుగింటికి వెళితే ఇంటికి చేరేసరికి ఎనిమిదిన్నర దాటేది.

ఒకవైపు ఈ గొంతు, మరోవైపు ఎనిమిదిలోపు అప్పటికప్పుడు వండిన భోజనం. ఈ రెండింటికీ పొత్తు కుదరదని తెలిసినా కొన్నాళ్లు కుదర్చాలని తంటాలుపడ్డాను. తెల్లవారుజామునే నానబోసి, పొద్దున రుబ్బి, మధ్యాహ్నం కూరలు తరిగి పెట్టి, రాత్రి వచ్చి చెప్పులు విడవగానే పొయ్యి వెలిగించేదాన్ని. ఆయన వంతు ఆయన చెయ్యలేదని అనలేను. ఒక శనివారం సౌకార్‌పేట వెళ్లి, ఆటో దూరని సందుల్లో నడిచి, పొట్టు తియ్యని మినుములు, దంపుడు బియ్యం, పసుపుకొమ్ములు, ఉప్పురాళ్లు సంచీ నిండా మోసుకొచ్చారు. కోట గెలిచి వచ్చిన రాజుకు కూడా అంత చెమట పట్టి ఉండదు. సంచీ నా కాళ్ల దగ్గర దించి, ఫ్యాను కింద కూర్చుని, "నా పని అయిపాయ" అన్నారు.

దంపుడు బియ్యంతో మొదటిరోజు అన్నం వండితే అత్తగారు ఒక ముద్ద చాలాసేపు నమిలి, "ఒరే నాయనా, ఇది పల్లుండే వాళ్లు తినే కూడురా" అంది. దాన్ని ఆయన సలహాగా తీసుకోలేదు.

ఇంకోసారి పాల మీద దృష్టి పడింది. ప్యాకెట్ పాలు కూడా పనికిరావట. మాధవరంలో ఎవరో కళ్లెదురుగానే గేదె పాలు పితికి ఇస్తారని తెలుసుకుని, స్టీలు క్యాను పట్టుకుని బస్సెక్కారు. అది మండువేసవి. తిరుగు ప్రయాణంలో ఎక్కడో బస్సు ఆగిపోయిందట. ఇంటికొచ్చి క్యాను మూత తీస్తే పాలు విరిగి, నీళ్లు వేరు, ముద్ద వేరు అయి ఉన్నాయి. విరిగిన పాలు ప్రాసెస్ చేసినట్టా కాదా అని అడగాలని నాలుక చివరిదాకా వచ్చింది. అత్తగారు దాంట్లో బెల్లం కలిపించుకుని తింది. ఆ ఉద్యమంలో ఆమె ఇష్టపడి తిన్న పదార్థం అదొక్కటే.

కొన్నాళ్లకు భోజనం తొమ్మిదిన్నరకు జారింది. ఒక రాత్రి ఆయన నా వెనకే వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడ్డారు. గొంతు చాలా మెత్తగా ఉంది. అలా మెత్తబడితే నాకు భయం.

"ఆ పెద్ద వేషం వొద్దని చెప్పేయరాదా? ఇంట్లో ఉండాల్సిన టైములో ఆడ పోయి అరస్తా ఉండావు. ముందు మాదిరి పగటిపూట చిన్నచిన్నవి చేసుకో, ఎవరొద్దన్నారు? తిండి సరిగ్గా ఉంటేనే కదా మిగతాదంతా."

నాకు ఒళ్లు మండిపోయింది. అదే సమయంలో భయం కూడా వేసింది. ఇన్నేళ్లూ గుంపులో ఏడ్చి ఏడ్చి సంపాదించుకున్న గొంతు, మినుముల పొట్టు కోసం పోతుందా అని. మర్నాటికి కావలసినవి నానబోసుకున్నాను. అలా నోరు మూసుకోవడం కూడా నాకు అలవాటైన పనే.

తర్వాతి ఆదివారం సమావేశంలో ఉలవల వారం ప్రకటించారు. ఉలవలు గుర్రాలకు బలమిస్తాయట. ఆయన ఆఫీసుకు లిఫ్టులోనే వెళతారు, అంత బలం ఎందుకో నేను అడగలేదు. ఒక రాత్రి ఉలవచారు, మరో రాత్రి గుగ్గిళ్లు, ఆ తర్వాత ఉలవపప్పు పచ్చడి. ఆయన రెండు గరిటెలు తిని గొప్పగా ఉందనేవారు. మిగిలిందంతా మర్నాడు మధ్యాహ్నం నా కంచంలోకి చేరేది, ఇంట్లో వండింది పారెయ్యకూడదు కాబట్టి.

ఆ వారం మధ్యలో మా సీరియల్లో పెద్దింటి అత్తగారి మొగుడు పోయాడు. హాల్లో శవం, చుట్టూ ఏడుపులు. ఆవిడ మాత్రం ఏడవదు. చాలాసేపు ఆయన మొహంలోకి చూసి, చివరికి మెల్లగా, "నాతో చెప్పకుండా ఆయన ఎక్కడికీ వెళ్లరు" అంటుంది. సీను మొత్తం ఆ మౌనంలోనే ఉంది. డబ్బింగు గదిలో గాలి కూడా ఆడదు, ఏసీ ఆపేస్తారు. నోటికి జానెడు దూరంలో ఉండే మైకు, మనం గుటక మింగినా పట్టేస్తుంది. నేను ఆవిడ పెదవుల కదలిక కోసం తెరవంక చూస్తూ నిలబడ్డాను. నిలబడి ఉండగా నా కడుపులో ఉలవలు మాట్లాడటం మొదలుపెట్టాయి.

అద్దానికి అవతలనుంచి సౌండ్ ఇంజనీరు చెయ్యెత్తాడు. "అమ్మా, ఏదో సౌండ్ వస్తా ఉండాది" అని లోపలికొచ్చి కేబుల్ కదిపి చూశాడు. మళ్లీ చేశాం. మళ్లీ అదే. అనుమానం తీర్చుకుందామని అతను స్పీకర్లలో పెద్దగా వినిపించాడు. శవం చుట్టూ నిశ్శబ్దంలో, లారీ గేరు మార్చుకుంటూ ఎత్తు ఎక్కుతున్న చప్పుడు. అది నా కడుపని గదిలో అందరికీ ఒకేసారి అర్థమైంది.

"ఇట్లయితే చనిపోయినాయన లేచి కూచుంటాడమ్మా" అన్నాడు ఇంజనీరు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. చివరికి ఆ మౌనంలో నేను లేకుండానే పని కానిచ్చి, మాటలు మాత్రం విడిగా నాతో చెప్పించుకున్నారు. మాటలు రాసి, మాచేత చెప్పించే పెద్దాయన నవ్వలేదు. బయటికి వస్తుంటే పిలిచి, "కోపం కాదమ్మా. రోజూ ఎపిసోడ్ పంపాలి. రేపూ ఇదే అయితే నేను ఇంకో గొంతు చూసుకోవాలి" అన్నాడు. నేను తలూపి మెట్లు దిగాను. ఆటోలో కూర్చున్నాక కళ్లనీళ్లు వచ్చాయి. గుంపులో ఏడ్చినప్పుడు రానివి.

ఇంట్లో అడుగుపెట్టేసరికి మా ఆయన వంటింటి గుమ్మం దగ్గర ఎదురుచూస్తున్నారు.

"నానబోసిన ఉలవలు ఏడ పెట్టినావు?" అని అడిగారు.

భుజం మీద సంచీ దించకుండానే చెప్పాను. "ఇవాళ నేను వండను. సాయంత్రం రికార్డింగు ఉన్నన్నాళ్లూ రాత్రి వంట నాది కాదు. ఉలవలు మాత్రం ఈ ఇంట్లో ఇంక వద్దు."

"నాకు వంట రాదు కదా."

"ప్లానింగ్ అంతా వచ్చుగా మీకు. మిగిలింది చెయ్యడమే."

అత్తగారు టీవీ మీదనుంచి చూపు తిప్పలేదు. ఆమె మా గొడవల్లో ఎప్పుడూ తలదూర్చదు. అంటే కొడుకు పక్షాన్నే ఉంటుందని నేను ఇన్నేళ్లూ అనుకున్నాను. ఆయన వంటింట్లోకి వెళ్లారు. మా ఇంట్లో రాత్రి భోజనం ఎంత స్వచ్ఛమో పార్కులో అప్పటికే అందరికీ చెప్పేసి ఉన్నారు, వెనక్కి తగ్గే దారి లేదు.

మొదటి రెండు రాత్రులూ వంట ఎలా ఉందో రాయను, ఆయనకీ పరువుంది. ఆ తర్వాత జరిగిందే వింత. గరిటె చేతులు మారగానే చట్టం సవరణలకు లొంగింది. మూలకొట్టు ఇడ్లీ పిండి తిరిగొచ్చింది. "పిండి పులిసింది కదా, పులిసేది ప్రకృతి" అన్నారు. సూపర్ మార్కెట్లో తరిగి అమ్మే కూరగాయలు వచ్చాయి. "కోసినారు, అంతే. దాంట్లో ప్రాసెస్ ఏముంది?" పక్కవీధి ఆవిడ చేసి అమ్మే సాంబారు పొడి వచ్చింది. "ఇంట్లో చేసిందే కదా, ఎవురిల్లయితే ఏమి?" అత్తగారికి తెల్లన్నం కూడా వచ్చింది. పొట్టు మినుముల సంచీ మంచం కిందికి చేరింది. ఇన్ని సవరణలు నా కాలంలో ఎందుకు తట్టలేదని అడిగితే, అప్పుడు అనుభవం లేదన్నారు.

ఆయన చేతి వంట మొదటిసారి కుదిరిన రోజు నేను ఇంటికి రాగానే కంచం పెట్టి ఉంది. చేతులు కడుక్కుని కూర్చున్నాను. వేడి అన్నం, మిరియాలు ఎక్కువైన చారు. ఇంటికొచ్చి కూర్చుంటే అన్నం దానంతటదే ముందుకొస్తుంది. చాలా బాగుంది. ఇంత సుఖాన్ని మగవాళ్లు ఇన్ని తరాలు బయటికి పొక్కకుండా ఎలా దాచారో నాకు అర్థం కాలేదు.

పార్కులో ఆయన పేరు మారుమోగింది. భార్య పనికి వెళితే రాత్రి వంట తనే చేస్తాడట, ఎంతటి మనిషి అని. ఆయన్నే బెంచీ మీద నిలబెట్టి మాట్లాడించారు. ఇష్టంగా చేస్తే వంట కష్టమే కాదని చెప్పారట. నాకు కుళ్లు పుట్టింది, దాచుకోను. ఇరవై ఏళ్లు వండాను, నన్నెవరూ ఏ బెంచీకీ పిలవలేదు.

మొన్న స్టూడియోకి సెలవు. సాయంత్రం ఇంట్లోనే ఉండి అత్తగారి పక్కన కూర్చున్నాను. ఆమె ఆ సీరియల్ని తమిళంలో ఒకసారి చూసి ఏడ్చి, తెలుగులో మళ్లీ చూసి ఏడుస్తుంది. మా ఆయన లోపల దోశలు పోస్తున్నారు. తెర మీద కోడలు పనికి బయల్దేరి చేతిసంచీతో గుమ్మం దాకా వచ్చింది. పెద్దింటి అత్తగారు అడ్డం నిలబడింది. "చీకటిపడే వేళ గడప దాటే కోడలు ఈ ఇంటికి అక్కర్లేదు. వెళ్లి పొయ్యి ముందు నిలబడు. నీ చోటు అది." నా గొంతే. బాగా చెప్పాను కూడా. చివరి మాట దగ్గర ఎంత కఠినంగా ఆగాలో అని నాలుగైదుసార్లు చెప్పి చూసుకున్న మాట అది.

మా ఆయన గరిటెతో బయటికి వచ్చారు. మొహం వెలిగిపోతోంది.

"వింటివా? నీ గొంతే చెప్తా ఉండాది. అదే నేను చెప్తే తప్పయిపాయ."

అవును, నా గొంతే. అంత నమ్మకంగా పలికినందుకు ఆ రోజు నన్ను అందరూ మెచ్చుకున్నారు కూడా. తల దించుకుని చీర కుచ్చిళ్లు సర్దుకున్నాను. అప్పుడు అత్తగారు రిమోటు తీసుకుని, ఎన్నడూ లేనిది, సీరియల్ మధ్యలో సౌండ్ తగ్గించింది.

"ఆమె ఆడ ఆ మాట చెప్పినందుకు దుడ్డు ఇస్తారురా నాయనా. నువ్వు ఊరికే చెప్తా ఉండావు. పో, దోశ మాడతా ఉండాది."